వృత్తంలో కోణాలు, జ్యాల లెక్కలు ఎలా చేయాలి: ‘ఈ కోణం ఏ చాపాన్ని చూస్తోంది?’ అనే ఒక్క ప్రశ్నతో మొదలుపెట్టండి

“సిద్ధాంతాలన్నీ బట్టీ వచ్చు. పటం చూశాక మాత్రం ఏది వాడాలో తోచడం లేదు.” వృత్తాల పాఠం మొదలైన ప్రతిసారీ పిల్లలు, వాళ్లకి చదువు చెప్పే తల్లిదండ్రులు నన్ను అడిగేది ఇదే. మాటలు మారతాయి కానీ ఇబ్బంది ఒక్కటే. అందుకే ఈసారి సిద్ధాంతాల నిరూపణలు పక్కన పెట్టి, పటం ముందు కూర్చున్నప్పుడు చేతులు ఏం చేయాలో వరసగా రాస్తున్నాను. పక్కన కాగితం పెట్టుకుని గీస్తూ చదవండి. ఊరికే చదివితే ఇది ఒంటబట్టదు.

బిందువులకు క, చ, ట, త, ప అని పేర్లు పెట్టాను. వృత్త కేంద్రం ఓ. మీ పుస్తకంలో వేరే అక్షరాలు ఉండవచ్చు, పద్ధతి మాత్రం ఇదే.

కావలసినవి

వృత్తలేఖిని, స్కేలు, కోణమానిని, చెక్కిన పెన్సిల్, రెండు రంగుల పెన్నులు, రఫ్ కాగితాలు. రంగు పెన్నులు అలంకారానికి కాదు, మూడో దశలో అవే అసలు పనిముట్లు.

వృత్తలేఖిని లేకపోతే ఏదైనా గుండ్రటి మూత చుట్టూ గీయండి. అప్పుడు కేంద్రం తెలియదు కదా, దాన్ని ఇలా పట్టుకోవచ్చు. ఒక కాగితం మూలను (అది 90° ఉంటుంది) వృత్తం మీద ఒక బిందువు దగ్గర ఆనించండి. కాగితం రెండు అంచులూ వృత్తాన్ని ఎక్కడ దాటుతున్నాయో గుర్తు పెట్టి, ఆ రెండు గుర్తులనూ కలపండి. అది వ్యాసం. మూలను ఇంకో చోట ఆనించి మళ్లీ ఇలాగే చేయండి. రెండు వ్యాసాలు కలిసిన చోటే కేంద్రం. ఇది ఎందుకు పని చేస్తుందో ఈ పాఠం మధ్యలోకి వచ్చేసరికి మీకే తెలుస్తుంది.

తెలిసి ఉండాల్సిన సంగతులు నాలుగే:

1. వ్యాసార్ధాలన్నీ సమానం. కాబట్టి రెండు వ్యాసార్ధాలు, ఒక జ్యా (వృత్తం మీది రెండు బిందువులను కలిపే రేఖాఖండం) కలిస్తే సమద్విబాహు త్రిభుజం.
2. కేంద్రం నుంచి జ్యాకు గీసిన లంబం ఆ జ్యాను సగం చేస్తుంది. కేంద్రాన్ని జ్యా మధ్యబిందువుతో కలిపితే, ఆ రేఖ జ్యాకు లంబం.
3. సమాన జ్యాలు కేంద్రం దగ్గర సమాన కోణాలు చేస్తాయి, కేంద్రానికి సమాన దూరంలో ఉంటాయి.
4. పరిధి మీద శీర్షం ఉన్న కోణం, అది చూసే చాపంలో సగం (చాపం అంటే పరిధిలో ఒక ముక్క; కోణం రెండు భుజాల మధ్య పడే ముక్కే అది చూసే చాపం). చాపం ఎన్ని డిగ్రీలు అంటే, అది కేంద్రం దగ్గర చేసే కోణం ఎంతో అంత.

“ఒకే వృత్తఖండంలో కోణాలు, అర్ధవృత్తంలో కోణం, చక్రీయ చతుర్భుజం ఏవి?” అని అడుగుతారు. అవన్నీ నాలుగో దానిలోనే ఉన్నాయి. ఒకే చాపాన్ని చూసే రెండు కోణాలు ఆ చాపంలో సగమే కాబట్టి సమానం. అర్ధవృత్తం 180° చాపం, దాన్ని చూసే కోణం 90°. చక్రీయ చతుర్భుజంలో (నాలుగు శీర్షాలూ వృత్తం మీదే ఉన్న చతుర్భుజంలో) ఎదురెదురు కోణాలు చూసే రెండు చాపాలూ కలిస్తే పూర్తి వృత్తం, 360°. అందులో సగం 180°. మూడు వేర్వేరు సిద్ధాంతాలుగా బట్టీ పట్టిన పిల్లలకు పటంలో మూడింటిలో ఏది వాడాలన్న టెన్షన్ మొదలవుతుంది. ఒకే విషయంగా చూసిన వాళ్లకు అసలు ఎంచుకోవాల్సిన పనే ఉండదు. ఈ పాఠంలో నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే.

దశ 1: పటాన్ని మళ్లీ గీయండి, పెద్దగా

ప్రశ్నలో పటం ఇచ్చినా సరే, మీ కాగితం మీద కనీసం 5 సెం.మీ. వ్యాసార్ధంతో కొత్తగా గీయండి. ఇచ్చిన చిన్న పటంలో మూడు కోణాలు గుర్తు పెట్టేసరికి ఏదీ కనపడదు.

జాగ్రత్త: ఇవ్వని ప్రత్యేకతను పటంలోకి తేకండి. వ్యాసమని చెప్పని జ్యాను కేంద్రం గుండా గీయకండి. త్రిభుజం ఇస్తే మూడు భుజాలూ సమానంగా గీయకండి. అలా గీస్తే కన్ను మోసపోతుంది, లేని సమానత్వం ఉన్నట్టు అనిపించి అదే జవాబులోకి వస్తుంది. కావాలనే కాస్త వంకరగా, ఒక పక్కకు ఒరిగినట్టు గీయడం మంచిది.

దశ 2: జ్యా కొనలకు వ్యాసార్ధాలు గీయండి

ఏమీ తోచనప్పుడు చేయాల్సిన మొదటి పని ఇది. కేంద్రం ఇచ్చి, ఒక జ్యా కూడా ఇచ్చారంటే దాని రెండు కొనలనూ కేంద్రంతో కలపండి. సమద్విబాహు త్రిభుజం వస్తుంది, అందులో ఒక్క కోణం తెలిస్తే మిగతా రెండూ తెలిసినట్టే.

ఉదాహరణకు కచ జ్యా, ∠ఓకచ = 35° అని ఇచ్చారనుకోండి. ఓక = ఓచ కాబట్టి ∠ఓచక కూడా 35°. మిగిలిన ∠కఓచ = 180 − 70 = 110°. అంటే చిన్న చాపం కచ 110°, పెద్ద చాపం కచ 250°. ఈ రెండు అంకెలనూ పటం బయట, ఆయా చాపాల పక్కన రాయండి. లోపల రాస్తే కోణాలతో కలిసిపోతాయి.

దశ 3: ప్రతి కోణాన్నీ అడగండి, ఏ చాపాన్ని చూస్తోందని

ఇక్కడ తొందరపడకండి. కోణం శీర్షం మీద వేలు పెట్టండి. ఒక భుజం వెంట వృత్తం తగిలేదాకా వెళ్లండి, మళ్లీ వెనక్కి వచ్చి రెండో భుజం వెంట వెళ్లండి. వేలు తగిలిన ఆ రెండు బిందువుల మధ్య, శీర్షం లేని వైపు ఉన్న చాపమే ఆ కోణం చూసే చాపం. దాన్ని రంగు పెన్నుతో దిద్దండి. శీర్షాన్ని కన్ను అనుకుంటే, భుజాల మధ్య నుంచి ఆ కంటికి కనపడే వృత్త భాగం అది.

పై ఉదాహరణలోనే వృత్తం మీద ట అనే బిందువు తీసుకుని ∠కటచ ఎంత అని అడిగారనుకుందాం. ట పెద్ద చాపం మీద ఉంటే, అది చూసేది చిన్న చాపాన్ని. 110లో సగం, 55°. ట చిన్న చాపం మీద ఉంటే, అది చూసేది పెద్ద చాపాన్ని. 250లో సగం, 125°.

ప్రశ్నలో ట ఎక్కడుందో చెప్పకపోతే రెండు జవాబులూ రాయాలి. పటం ఇస్తే పటంలో ఉన్న వైపుదే రాయాలి.

ఎక్కువ మంది పడే గొయ్యి ఇక్కడే ఉంది. ట చిన్న చాపం మీద ఉన్నప్పుడు ఓ, క, ట, చ నాలుగూ కలిసి చతుర్భుజంలా కనిపిస్తాయి. వెంటనే “చక్రీయ చతుర్భుజం, ఎదురు కోణాల మొత్తం 180°” అని ∠కటచ = 70° అని రాసేస్తారు. అది తప్పు. చక్రీయ చతుర్భుజం కావాలంటే నాలుగు శీర్షాలూ వృత్తం మీద ఉండాలి. ఓ కేంద్రంలో ఉంది, పరిధి మీద లేదు. ఆ మాట వాడే ముందు నాలుగు శీర్షాలనూ ఒక్కొక్కటిగా వేలుతో తాకి చూసుకోండి.

దశ 4: చాపాలన్నిటికీ డిగ్రీలు వేసి, కోణాలు దింపుకోండి

క్లిష్టంగా కనపడే పటాన్ని నేను ఎప్పుడూ ఇలాగే విప్పుతాను. ముందు కోణాల నుంచి చాపాలకు, తర్వాత చాపాల నుంచి కోణాలకు.

వృత్తం మీద వరసగా క, చ, ట, త అనే నాలుగు బిందువులు ఉన్నాయి. కట వ్యాసం. ∠చకట = 28°, ∠టకత = 40°. మిగతా కోణాలన్నీ కావాలి.

- ∠చకట చూసేది చట చాపాన్ని. కాబట్టి ఆ చాపం 56°.
- ∠టకత చూసేది టత చాపాన్ని. అది 80°.
- కట వ్యాసం కాబట్టి ఒక్కో వైపు 180°. కచ చాపం 180 − 56 = 124°. తక చాపం 180 − 80 = 100°.

కోణాల వైపు వెళ్లే ముందు ఒకసారి కూడండి: 124 + 56 + 80 + 100 = 360. సరిపోయింది. సరిపోకపోతే ముందుకు వెళ్లకండి, తప్పు ఇప్పటికే జరిగిపోయింది.

ఇప్పుడు ఏ కోణం అడిగినా చెప్పగలం. ∠కతచ చూసేది కచ చాపం, 62°. ∠కచత చూసేది తక చాపం, 50°. చతుర్భుజంలో ∠చ, ∠త రెండూ అర్ధవృత్తాన్నే చూస్తాయి, చెరొక 90°. ∠క = 28 + 40 = 68°. ∠ట చూసేది త నుంచి క మీదుగా చ దాకా ఉన్న 224° చాపం, కాబట్టి 112°. 68 + 112 = 180.

(కాగితం మూలతో కేంద్రం కనిపెట్టిన కిటుకు ఇదే. పరిధి మీద 90° కోణం చూసే చాపం 180° అయి తీరాలి, అంటే ఆ రెండు గుర్తులూ వ్యాసం కొనలు.)

దశ 5: శీర్షం పరిధి మీదా లేదు, కేంద్రంలోనూ లేదు. అప్పుడు?

రెండు జ్యాలు లోపల ఖండించుకున్న చోట కోణం అడిగితే చాలామంది అక్కడ కూడా సగం చేసేస్తారు. సగం సూత్రం పరిధి మీది కోణాలకే.

పై పటంలో కట, చత జ్యాలు ప దగ్గర ఖండించుకున్నాయి. ∠కపచ కావాలి. సూత్రం గుర్తుంటే: ఈ కోణం ముందున్న చాపం, వెనకున్న చాపం కలిపి సగం చేయాలి. కచ చాపం 124, ఎదుట టత చాపం 80, మొత్తం 204, సగం 102°.

సూత్రం గుర్తులేకపోయినా పరవాలేదు. త్రిభుజం కపచ చూడండి. అందులో క దగ్గర 28°, చ దగ్గర 50°. మిగిలింది 180 − 78 = 102°. పరీక్షలో నేనైతే ఈ త్రిభుజం దారినే నమ్ముకోమంటాను. ఇందులో ప్రతి వాక్యానికీ పుస్తకంలో ఉన్న కారణం రాయవచ్చు.

శీర్షం వృత్తం బయట ఉంటే కూడిక బదులు తీసివేత. కచ, తట భుజాలను చ, ట వైపు పొడిగిస్తే అవి బయట కలుస్తాయి. అక్కడి కోణం దూరపు చాపం తక, దగ్గరి చాపం చట తేడాలో సగం: (100 − 56) ÷ 2 = 22°. దీన్నీ త్రిభుజంతో చూసుకోండి. క దగ్గర 68, త దగ్గర 90, మిగిలింది 22. లోపలైతే కూడిక, బయటైతే తీసివేత. ఈ రెండింటినీ తారుమారు చేయకుండా ఉండాలంటే ఒక్కసారి ఊహించుకోండి: శీర్షం దూరంగా జరిగేకొద్దీ కోణం సన్నబడుతుంది.

దశ 6: పొడవులు అడిగితే, కేంద్రం నుంచి లంబం వేయండి

జ్యా పొడవు, కేంద్రం నుంచి దూరం, వ్యాసార్ధం. ఈ మూడింటిలో రెండు ఇస్తే మూడోది పైథాగరస్ సిద్ధాంతంతో వస్తుంది. వ్యాసార్ధమే కర్ణం. వ్యాసార్ధం 13 సెం.మీ., జ్యా 24 సెం.మీ. అయితే సగం జ్యా 12. దూరం వర్గం 169 − 144 = 25. దూరం 5 సెం.మీ.

ఇక్కడ తప్పులు రెండే. జ్యాను సగం చేయడం మర్చిపోవడం ఒకటి. ఈ లెక్కలో అలా చేస్తే 169 − 576 అని రుణ సంఖ్య వచ్చి దొరికిపోతారు, అన్ని లెక్కల్లోనూ అలా దొరకరు. జ్యా పొడవు అడిగినప్పుడు సగం దగ్గరే ఆగిపోవడం రెండోది. చివరి వాక్యంలో “జ్యా = 2 ×” అని ముందే రాసి పెట్టుకుంటే ఇది జరగదు.

ఈ జవాబును సరిచూసే అందమైన పద్ధతి ఒకటుంది. చాపం అంటే విల్లు, జ్యా అంటే వింటినారి. నారి మధ్య నుంచి విల్లు దాకా ఉన్న ఎత్తు శరం, అంటే బాణం. జ్యాకు లంబంగా ఉన్న వ్యాసాన్ని ఆ జ్యా రెండు శరాలుగా విడగొడుతుంది. ఆ రెండు శరాల లబ్ధం సగం జ్యా వర్గానికి సమానమని క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో ఉంది. మన లెక్కలో శరాలు 13 − 5 = 8, 13 + 5 = 18. లబ్ధం 144. సగం జ్యా 12, వర్గం 144. సరిపోయింది. ఏ రెండు జ్యాలు లోపల ఖండించుకున్నా ఇదే జరుగుతుంది: ఒక జ్యా రెండు ముక్కల లబ్ధం, రెండో జ్యా రెండు ముక్కల లబ్ధానికి సమానం.

సమాంతర జ్యాలు రెండు ఇస్తే ఆగి ఆలోచించండి. వ్యాసార్ధం 10, జ్యాలు 12, 16 అనుకుందాం. కేంద్రం నుంచి దూరాలు 8, 6. జ్యాలు కేంద్రానికి ఒకే వైపు ఉంటే వాటి మధ్య దూరం 2, చెరో వైపు ఉంటే 14. ఏ వైపో ప్రశ్నలో లేకపోతే రెండూ రాయండి.

వ్యాసార్ధం తెలియకుండా, జ్యాలు 8, 6, రెండూ ఒకే వైపు, మధ్య దూరం 1 అని ఇస్తే పెద్ద జ్యా దూరాన్ని ‘ద’ అనుకోండి. పెద్ద జ్యా కేంద్రానికి దగ్గర, చిన్నది దూరం. కాబట్టి చిన్నదాని దూరం ద + 1. రెండు చోట్లా వ్యాసార్ధ వర్గం ఒకటే: 16 + ద² = 9 + (ద + 1)². ఇందులోంచి ద = 3, వ్యాసార్ధం 5. పొరపాటున చిన్న జ్యాను దగ్గర పెడితే ద రుణ సంఖ్య వస్తుంది. అలా వస్తే లెక్కను కాదు, పటాన్ని సరిచేయండి.

దశ 7: స్పర్శరేఖ కనపడితే

స్పర్శరేఖ అంటే వృత్తాన్ని ఒక్క బిందువు దగ్గరే తాకే రేఖ. ఆ స్పర్శ బిందువుకు వ్యాసార్ధం గీసి 90° గుర్తు పెట్టండి. సగం పని అయిపోతుంది. బయటి బిందువు ప నుంచి క, చ దగ్గర స్పర్శరేఖలు గీశారు, ∠కపచ = 50° అనుకుందాం. చతుర్భుజం ఓకపచలో రెండు 90లు ఉన్నాయి, కాబట్టి ∠కఓచ = 130°. కచ జ్యా ఎదుట పెద్ద చాపం మీద కోణం 65°. స్పర్శరేఖకూ జ్యాకూ మధ్య కోణం కూడా అంతే ఉండాలి. పక = పచ కాబట్టి త్రిభుజం పకచలో ఆ కోణం (180 − 50) ÷ 2 = 65°. రెండు దారులూ ఒకే చోటికి వచ్చాయి.

దశ 8: కారణం పక్కనే రాయండి

ప్రతి సమీకరణం పక్కన బ్రాకెట్‌లో కారణం ఉండాలి: (వ్యాసార్ధాలు సమానం), (కచ చాపం మీది కోణాలు), (అర్ధవృత్తంలో కోణం). “పటంలో అలా ఉంది కాబట్టి” అనేది కారణం కాదు. చాపాల డిగ్రీలు మీ రఫ్ పనికి. జవాబు పత్రంలో “∠కఓచ = 2∠కటచ” అని కేంద్ర కోణంతో రాస్తే దిద్దేవాళ్లకు సులువు.

కేంద్ర కోణం రెట్టింపు అన్న సంగతే అనుమానంగా ఉంటే, ట నుంచి ఓ గుండా ఒక రేఖ పొడిగించండి. ఓటక, ఓటచ అనే రెండు సమద్విబాహు త్రిభుజాలు వస్తాయి. ఒక్కోదాని బాహ్యకోణం ట దగ్గరి ముక్కకు రెట్టింపు. కేంద్రం కోణం లోపల ఉంటే ఆ రెండింటినీ కూడాలి, బయట పడితే ఒకదానిలోంచి ఇంకోటి తీసేయాలి.

జవాబు వచ్చాక ఇవి చూసుకోండి

- పెద్ద చాపం మీద శీర్షం ఉంటే కోణం 90° కంటే తక్కువ, చిన్న చాపం మీద ఉంటే ఎక్కువ. ఇది ఒక్క క్షణం పని, కానీ సగం తప్పులు ఇక్కడే బయటపడతాయి.
- ఏ జ్యా కూడా వ్యాసం కంటే పొడవు కాకూడదు.
- శీర్షాన్ని అదే చాపం మీద కాస్త పక్కకు జరిపి ఇంకోసారి గీయండి. కోణం మారకూడదు. మారిందంటే మీరు చాపాన్ని తప్పుగా గుర్తించారు.
- కోణమానినితో కొలవండి. ఒకటి, రెండు డిగ్రీల తేడా పెన్సిల్ మందం వల్ల వస్తుంది. పది డిగ్రీల తేడా ఉంటే అది లెక్క తప్పే. అయితే ఇచ్చిన కోణాలను మీరు కొలిచి గీసి ఉంటేనే ఈ పరీక్ష పనికొస్తుంది.

ఇంకో తప్పు గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే బాగా చదివేవాళ్లూ చేస్తారు. చాపం రెట్టింపు అయితే కోణం రెట్టింపు అవుతుంది. జ్యా రెట్టింపు అయితే అవదు. వ్యాసార్ధం 10 ఉన్న వృత్తంలో 10 పొడవు జ్యా కేంద్రం దగ్గర 60° చేస్తుంది, ఎందుకంటే అది సమబాహు త్రిభుజం. జ్యా 20 అయితే అది వ్యాసం, కేంద్రం దగ్గర 180°. పొడవు రెండింతలైతే కోణం మూడింతలైంది. కాబట్టి జ్యాలు సమానమైనప్పుడే కోణాలతో పోల్చండి.

ఇప్పుడు మీరే చేయండి

1. జ్యా పొడవు వ్యాసార్ధానికి సమానం. పెద్ద చాపం మీద, చిన్న చాపం మీద అది చేసే కోణాలు ఎంత?
2. వ్యాసార్ధం 17, జ్యా 30. కేంద్రం నుంచి దూరం ఎంత? శరాలతో సరిచూడండి.
3. చక్రీయ చతుర్భుజం కచటతలో ∠క కంటే ∠ట 20° ఎక్కువ. రెండూ ఎంత?
4. కట, చత జ్యాలు ప దగ్గర ఖండించుకున్నాయి. పక = 4, పట = 9, పచ = 6. పత ఎంత? ఓప రేఖ చత జ్యాకు లంబమా?

జవాబులు: మొదటిది 30°, 150°. రెండోది 8; శరాలు 9, 25, లబ్ధం 225, అది 15 వర్గం. మూడోది 80°, 100°. నాలుగో దానిలో పత = 36 ÷ 6 = 6. అంటే ప బిందువు చత జ్యాకు మధ్యబిందువు, కాబట్టి ఓప లంబమే. “ప కేంద్రం కూడా కావచ్చు కదా” అనే అనుమానం వస్తే, పక, పట సమానంగా లేవు కాబట్టి అది కేంద్రం కాదని ఒక వాక్యం చేర్చండి.